రెక్క పక్క సీటు

వీధంతా "పైలట్‌గారు" అని పిలిచే కళ్ళజోళ్ళ దుకాణదారు ఏనాడూ పైలట్ సీట్లో కూర్చున్న పాపాన పోలేదు. ఆయన కంప్యూటర్లో ఉన్నది ఉచితంగా దొరికే విమానాల సిమ్యులేటర్, అంటే తెరమీద విమానం నడిపే ఆట. అందులోని విమానాలను లోకంలోని ఔత్సాహికులు తలా ఒకటి తయారుచేసి పెడతారు. అందరూ ముందు కూర్చుని నడుపుకుంటారు. ఈయన మాత్రం విమానాన్ని దాని మానాన వదిలేసి, వెనక ప్రయాణికుల మధ్య, రెక్క పక్క సీట్లో ఆసీనుడయ్యేవాడు.

"నడపనప్పుడు ఆ ఆటెందుకండీ?" అనేది భార్య.

"బస్సెక్కితే నువ్వు నడుపుతున్నావా?"

విమానాల నాణ్యతపై ఆయన తీర్పులకు అప్పీలు లేదు. ముందు మీటర్లు మిలమిల మెరుస్తూ వెనక బోసిగా ఉంటే, "రెక్కలున్న బీరువా." కుర్చీలుండి కిటికీల్లేకపోతే, "గాల్లో గోడౌను." శబ్దం కుదరకపోతే, "మిక్సీ." ఈ ఫిర్యాదులు భరించలేక తయారీదారుల్లో ఒకాయన "మీరే చేసుకోండి మహాప్రభో" అని దణ్ణం పెట్టాడు. ఈయన నిజంగానే కూర్చుని, ఆ ఆటలోకి ఒక విమానాన్ని సీటు కుట్టుతో సహా చేయడం మొదలెట్టాడు.

అదే ఇంట్లో ఆయన అక్క తుంటి నొప్పితో మంచం పట్టింది. ఆపరేషన్ దూరపు నగరంలో. రైల్లో అంతసేపు కూర్చోలేదు, విమానమంటే హడలు. ఇంకా తాత్సారం చేస్తే నడక దక్కదని డాక్టరు చెప్పేశాడు.

"వదినకి నాలుగు మాటలు నచ్చచెప్పడం మానేసి ఈ కుర్చీల గోలేమిటండీ!"

"ఉండవే, కుట్టు వంకరొచ్చింది."

ఒక మధ్యాహ్నం భోజనానికి పిలవబోయిన భార్య గుమ్మంలోనే ఆగిపోయింది. తెర ముందు వదిన కూర్చుని ఉంది, నడుముకు తువ్వాలును సీటు బెల్టులా కుర్చీకి కట్టించుకుని.

"ఆ ధబ్బుమన్నదేమిట్రా?"

"చక్రాలు లోపలికెళ్ళాయక్కా."

"రెక్క ఊగుతోందిరోయ్, విరుగుతుందేమో!"

"ఊగకపోతేనే విరుగుతుంది. నిన్న చెప్పానుగా."

"మళ్ళీ చెప్తే నీ నోటి ముత్యాలు రాలతాయా? మొదట్నుంచి ఎక్కించు."

భార్య చప్పుడు కాకుండా తలుపు దగ్గరగా వేసింది. అన్నం చల్లారితే చల్లారింది.

నెల తిరక్కుండా అక్క నిజం విమానమెక్కింది. దిగీ దిగగానే ఫోను.

"ఎలా జరిగిందక్కా?"

"ఏం జరగడంరా! పక్కసీటాయన గజగజ వణికిపోతుంటే చెయ్యి పట్టుకుని ఏ చప్పుడెందుకో చెప్పుకొచ్చేసరికి నా గొంతు పోయింది. అది సరేగానీ, ఆపరేషన్‌కి కూడా ఇలాంటి ఆటేదైనా ఉందేమో చూడు. ఈ డాక్టరు ఏదీ విడమర్చి చెప్పే రకంలా లేడు."

ఫోను పెట్టకుండానే ఆయన కంప్యూటరు తెరిచాడు. భార్య ఇంకో కుర్చీ తెచ్చి పక్కన వేసుకుంది.