పెసర చేనులో మంచం

మొన్న జనగామలో ఒక పెళ్లి భోజనాల దగ్గర అటవీశాఖలో పనిచేసే కుర్రాడొకడు నా పక్కన కూర్చున్నాడు. లింగాల ఘనపూర్ దాటాక మా మేనత్త మెట్ట చెలకలో కృష్ణజింకలు ఇప్పటికీ మందలుగా తిరుగుతున్నాయట. అక్కడ బోర్డు పెడుతున్నామని, ఆవిడ జీవకారుణ్యం గురించి నాలుగు ముక్కలు రాసివ్వమని అడిగాడు. నాకు నవ్వొచ్చి పప్పన్నం పొలమారింది. మా అత్తను అందరూ రకరకాలుగా తలుచుకున్నారు గానీ, కారుణ్యం అన్నవాణ్ని ఇతణ్నే చూశాను.

ఆ చెలక మా తాత ఆమెకు పసుపు కుంకుమల కింద రాసిచ్చింది. అత్తను చేసుకున్న మామ ఊరికి పెద్ద పటేలు. ఆయనకు వేట పిచ్చి, దాన్ని మించి పదవి పిచ్చి. రెంటికీ పనికొచ్చే ఉపాయం ఒకటి కనిపెట్టాడు. ఏటా వానలు పడగానే అత్త చెలకలో పెసలు చల్లించేవాడు. కోతకు కాదు, జింకలకు ఎరగా. పైరు లేచేసరికి జింకలు దిగేవి, వాటి వెనకే పట్నం నుంచి పెద్దమనుషులు జీపుల్లో దిగేవారు. సమితి ప్రెసిడెంటు కుర్చీ ఆ వేట కూర గిన్నెలోనే ఉందని ఆయన గట్టి నమ్మకం. పుట్టింటివాళ్లిచ్చిన భూమిలో పండిన పెసలు అత్త ఒక్కనాడూ ఉడికించుకుని ఎరగదు.

అరవై తొమ్మిది ఉద్యమంలో వరంగల్‌లో మా కాలేజీ మూతపడింది. ఆ వానాకాలం తాతతో కలిసి అత్తను చూడ్డానికి వెళ్లాను. పట్నంలో గొడవలు కదా, పెద్దమనుషులకు మామ ఇల్లే చల్లగా ఉన్నట్టుంది, నిండుగా వచ్చారు. అందరికీ వరసగా ఇస్తర్లు వేశారు. అతిథి ఒకాయన ఆ చెలకను మెచ్చుకుంటే మామ తాత వైపు చెయ్యి చూపించి నవ్వాడు.

"గీ ముసలాయన ఇచ్చిన భూమే. బిడ్డకు మంచి పొలం ఇయ్య శాతగాక రాళ్లగడ్డ అంటగట్టిండు. జింకల పుణ్యాన అక్కరకొచ్చింది."

అందరూ నవ్వారు. తాత ఇస్తరి మడిచి లేచాడు. ఎంగిలి చెయ్యి కడుక్కోకుండానే గడప దాటాడు. అన్నం గిన్నె పట్టుకుని అత్త గుమ్మంలో నిలబడి ఉంది. తాత మళ్లీ ఆ ఇంటికి పోలేదు, తర్వాతి వానలు చూడలేదు. ఆ నవ్వు తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మరుసటి ఏడు పెసలు చల్లించమని అత్తే అడిగింది. మామ మురిసిపోయాడు. పైరు లేచింది, జింకలొచ్చాయి, జీపు వస్తుందని కబురూ వచ్చింది. ఆ పొద్దున అత్త, తనను చూడ్డానికి వచ్చిన నాతో చేను నడుమ నులక మంచం వేయించింది. చింతపండు ముందేసుకుని గింజలు తీస్తూ కూర్చుంది.

"ఏందే గిది? లే," అన్నాడు మామ.

"మా నాయిన ఇచ్చిన రాళ్లగడ్డ. కూసున్న. మీరు కాల్చుండ్రి."

పటేలు భార్య ఎదురుగా కూర్చుంటే తుపాకి ఎత్తేదెవరు? అతిథుల ముందు ఆమెను ఈడ్చుకుపోయే ధైర్యం మామకూ లేదు. పెద్దమనుషులు కాసేపు గడియారాలు చూసుకుని జీపెక్కారు. ఆ వానాకాలమంతా జీపు వచ్చినప్పుడల్లా మంచం చేనులోనే ఉంది. చెలక అమ్మేద్దామంటే అత్త సంతకం పెట్టలేదు. ఇంకో పెళ్లి చేసుకుంటానని బెదిరిస్తే మాత్రం నెమ్మదిగా జవాబిచ్చింది.

"చేస్కోండ్రి. ఆమె నాయినను గూడ పిలువుండ్రి, ఇస్తరేస్త."

తరవాత ఆమె ఆ పని పద్ధతిగా నడిపింది. ఎండుగడ్డి పక్క తండా ఆడవాళ్లు కోసుకోవచ్చు, బదులుగా వాళ్ల కుక్కలను కట్టేసుకోవాలి. జింకకు దూరం కనపడాలని తుమ్మ మొక్కలు పీకించింది. ఎండాకాలానికి రాతి తొట్టి పెట్టించింది. వేట లేని ఇంటికి పెద్దమనుషులెందుకొస్తారు, కుర్చీ ఇంకో పటేలు కిందికి పోయింది. జింకను కొడితే జైలనే చట్టం వచ్చాక అత్త స్వయంగా అటవీశాఖవాళ్ల జంగ్లాతు ఆఫీసుకు పోయి, మా ఇంట్లో తుపాకి ఉందని చెప్పి వచ్చింది.

ఎనభైల్లో ఒక కరువు ఏడు మళ్లీ వెళ్లాను. మోకాళ్లు పట్టేసిన మామ బండి మీద డ్రమ్ము పెట్టుకుని జింకల తొట్టికి నీళ్లు తోలుతున్నాడు. తొట్టి నిండితే తప్ప ఆయనకు ఇస్తరి పడదు. జాలి పడాల్సింది, పడలేదు. హాయిగా అనిపించింది. ఆ పూట ఆయన చెమట తుడుచుకుంటూ అరుగు మీద కూలబడ్డాడు.

"ఇంకెన్నేండ్లే?"

అత్త ఇస్తరి వేస్తూ చెప్పింది.

"అవి ఉన్నన్నేండ్లు."

మామ పోయి చాలా కాలమైంది, అత్త కూడా పోయింది. ఇప్పుడు ఆ తొట్టి అటవీశాఖవాళ్లు నింపుతున్నారని కుర్రాడు చెప్పాడు. బోర్డుకు ఏం రాసివ్వాలో నాకు తోచలేదు. మనుషులిద్దరినీ కాలం తీసుకుపోయింది గానీ, ఆ చెలకలో ఏటా కొత్త జింకపిల్లలు పుడుతూనే ఉన్నాయి, అత్త వేసిన శిక్షకు గడువు పెరుగుతూనే ఉంది.