వెండత్త మాట మీద నడిచిన నాణేలు

ఆ వీధిలో ఆవిడ అసలు పేరుతో ఎవరికీ పనిపడలేదు. పిల్లా పెద్దా అందరికీ వెండత్తే. భర్త పోయిన దగ్గర్నుంచీ పాత వెండి నాణేలు కొని అమ్మే ఇరుకు కొట్టులో ఎత్తుపీట మీద కూర్చుని, కొడుకుని చదివించింది, పెళ్ళి చేసింది, ఇంకా కూర్చునే ఉంది. గుమ్మం ఎక్కిన నాణెం చూడ్డానికి ఎంత ముద్దొచ్చినా ఆవిడకి లెక్కలేదు. గల్లాపెట్టె పక్కన బిగించిన నల్లరాతి పలక మీద దాన్ని జారవిడిచి, కళ్ళు మూసుకుని వినేది. మంచి వెండి సాగదీసి పలుకుతుంది, కల్తీది పుటుక్కున ఆగిపోతుంది. ఆవిడ చెవి ఒప్పుకుంటే బజారంతా ఒప్పుకున్నట్టే.

కోడలు బ్యాంకులో క్యాషియరు. పొద్దస్తమానం నోట్లతోనే కాపురం. అత్తగారి వ్యాపారం మీద ఆమెకి లోపల్లోపల చిన్నచూపు. ఎప్పుడో మట్టిలో కలిసిపోయిన రాజుల తలకాయలు, ఏ కొట్టులోనూ చెల్లనివి, వాటికోసం మనుషులు డబ్బు కూడబెట్టుకుని వస్తారేమిటో ఆమెకి అంతుబట్టేది కాదు. పైకి మాత్రం అనలేదు. అత్తగారి ముందు ఆ మాట అనాలంటే గుండె ధైర్యం కావాలి మరి.

అలా ఉండగా ఒక సాయంత్రం, పెద్ద నోట్లు ఇక చెల్లవని ప్రకటించారు. మర్నాటికి చేతినిండా డబ్బున్నవాళ్ళ దగ్గర చిల్లిగవ్వ లేదు. బ్యాంకు ముందు వరస వీధి మలుపు దాటింది. లోపల కోడలు ఖాళీ సొరుగు తెరిచి చూపించి చూపించి అలిసిపోయింది. నిన్నటిదాకా దాచుకున్న కాగితాన్ని ఇవాళ జనం అనుమానంగా తిప్పి చూస్తుంటే, తన ఉద్యోగం మీద తనకే నమ్మకం సడలింది.

వీధిలో దర్జీకి ఇంట్లో సరుకులు నిండుకున్నాయి. అతని దగ్గర వెండత్త కొట్టులో కొని దాచుకున్న నాణేలున్నాయి. ఒకటి తీసుకెళ్ళి కిరాణా ఆయన ముందు పెట్టాడు. కిరాణా ఆయన అవునని గాని కాదని గాని అనకుండా, కొట్టు వదిలేసి తిన్నగా వెండత్త దగ్గరికొచ్చి, కొత్త నోట్లొచ్చాక దీన్ని పుచ్చుకుంటావా అని అడిగాడు. ఎవరు తెచ్చినా, ఎన్ని తెచ్చినా ఆ రోజు వెండి ధర చేతిలో పెడతానంది ఆవిడ. ఆ ఒక్క మాట చాలింది. దర్జీ నాణెం కిరాణాకి, కిరాణా నుంచి పాలవాడికి, పాలవాడి నుంచి మందుల షాపుకి నడిచింది. దాని వెనకే ఇంటింటి పెట్టెల్లో దాగున్నవన్నీ బయటికొచ్చాయి. నూరేళ్ళ కిందట చచ్చిపోయిన డబ్బు మళ్ళీ లేచి బజారు చేస్తుంటే కోడలు కళ్ళప్పగించి చూసింది. ప్రభుత్వం ముద్ర వేసిన కాగితం మూలన పడింది, ఎత్తుపీట మీది ముసలావిడ మాట మాత్రం చేతులు మారుతోంది.

కొత్త నోట్లొచ్చాయి. నాణేలు తెచ్చుకొమ్మని వెండత్త కబురు పెట్టింది. అందరికీ ఇవ్వడానికి తన ఖాతాలో ఉన్నదంతా తీయించింది. ఆ డబ్బు ఇనప్పెట్టెలో పెట్టించుకుని మోసుకొచ్చింది కోడలే. అప్పటికే గుమ్మం నిండా జనం. చేతులు పడిపోతుంటే పెట్టెని ఎదురుగా కనిపించిన చోట దభీమని దింపింది. అది నల్లరాతి పలక. కింద ఏదో టక్కుమంది గాని, ఆ గోలలో ఎవరు పట్టించుకుంటారు? పెట్టెని పక్కకి జరిపి, నోట్లు లెక్కపెట్టడానికి కూర్చుంది.

మొదటి నాణెం కిరాణా ఆయనది. వెండత్త పలక మీద విడిచింది. కళ్ళు మూసుకుంది. మళ్ళీ విడిచింది. రెండుసార్లూ పుటుక్కున ఆగిపోయింది. కోడలు తలెత్తి చూసేసరికి అత్తగారి చెయ్యి గాల్లోనే ఆగి ఉంది. వెనకే, ఆయనకి నాణేలిచ్చిన దర్జీ నిలబడ్డాడు. ఇప్పుడావిడ కాదంటే దర్జీ మోసగాడవుతాడు. నిన్నటిదాకా అన్నా తమ్ముడూ అనుకున్నవాళ్ళు కాలర్లు పట్టుకుంటారు. పుచ్చుకుంటే, ఇక వచ్చేవి ఎలాంటివో తెలియకుండానే ఉన్నదంతా ఊడ్చి ఇచ్చేయాలి.

"ఆయనకివ్వమ్మాయ్," అంది వెండత్త.

అలా సాయంత్రం దాకా, వచ్చినవన్నీ పుచ్చుకుంది. ఒక్కర్నీ వెనక్కి పంపలేదు. పెట్టె అడుగు కనిపించింది. నాణేల సంచీ కోడలికిచ్చి, ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకుంది.

కొడుకు ఎంత బతిమాలినా లేవలేదు. చివరికి కోడలు మంచం పక్కన కూర్చుంటే, కొట్టు మూసేయమంది. "ఒక్కటీ పలకలేదే అమ్మాయ్. ఒకటో రెండో అయితే నాణెం తప్పనుకుంటాం. అన్నీ మూగబోతే పోయింది నా చెవే. చెవి లేనిదాన్ని ఆ పీట మీదెందుకు?"

ఆ పీటని అత్తగారు లేకుండా ఊహించుకోవడం కోడలి వల్ల కాలేదు. ఏం చేయాలో తోచక వంటగదిలోకి వెళ్ళి, సంచీలోంచి ఒక నాణెం తీసి గట్టు బండ మీద జారవిడిచింది.

ఇల్లంతా మోగింది.

"ఏ రాజుదే అది?" పక్కగదిలోంచి గొంతు వచ్చింది. "ఇంకోటి వెయ్యి."

ఇంకోటి వేసింది. అదీ పలికింది. అప్పటికి వెండత్త గుమ్మంలో నిలబడి ఉంది, జుట్టు కూడా ముడేసుకోలేదు. కోడలికి పొద్దున విన్న టక్కుమన్న చప్పుడు గుర్తొచ్చింది.

"అత్తయ్యా, పెట్టెని రాయి మీద దభీమని దింపింది నేనే. అడుగున పగిలుంటుంది. మీ చెవికేం కాలేదు."

వెండత్త ఒంటికాలి మీద లేస్తుందనుకుంది. ఆవిడ మాత్రం గట్టు దగ్గరికి స్టూలు లాక్కుని కూర్చుంది. రాయిదేముంది, ఇంకోటి బిగిద్దామంది. కోడలు ఊరుకోలేక అడిగేసింది: "అన్నీ దొంగవనిపించినా ఎలా పుచ్చుకున్నారు?"

"నోటు పలుకుతుందా? పలకదుగా. అయినా నువ్వు పుచ్చుకుంటావు, ఎవరో మాటిచ్చారని. వీళ్ళూ అంతే, నాణేన్ని చూసి పుచ్చుకోలేదు. ఇవాళ నేను మాట తప్పితే నీ చెల్లని నోటుకీ నాకూ తేడా ఏముంది?"

ఇన్నాళ్ళూ చిన్నచూపు చూసింది ఎవరినో కోడలికి ఇప్పుడు తెలిసింది, సిగ్గేసింది. ఒక్కో నాణెం అందించింది. వెండత్త వింటూ పక్కన పెడుతూ పోయింది.

సంచీ అడుగునున్న ఒక నాణెం మాత్రం బండ మీద పుటుక్కుమని ఊరుకుంది. వెండత్త మళ్ళీ వేసింది. మళ్ళీ అంతే. ఎవరో తెలివైనవాడు ఆ గుంపులో సీసం కలిపిన దొంగ నాణేన్ని అంటగట్టి నిఖార్సైన డబ్బు పట్టుకుపోయాడన్నమాట. మనం నష్టపోయామని కొడుకు నొచ్చుకున్నాడు. వెండత్త ఆ నాణేన్ని పైకెత్తి దీపం వెలుగులో చూసింది. అన్ని మంచి నాణేలు పలికినప్పుడు రాని నవ్వు అప్పుడొచ్చింది.

"ఇది దొంగది," అంది కోడలివైపు తిరిగి, కళ్ళనీళ్ళతో. "విన్నావా, నాకు తెలిసిపోయింది. ఇది దొంగదే."