ఆగ్నేయ మూలలో రౌటర్

మా అక్క మొగుడు, అంటే మా బావ, ఆదివారం బైబిల్ పట్టుకుంటాడు, సోమవారం వాస్తు పట్టుకుంటాడు. హిందూపురంలో కొత్తిల్లు కట్టినప్పుడు, కరెంటు వస్తువు కాబట్టి ఇంటర్నెట్ రౌటర్ ఆగ్నేయంలోనే ఉండాలని ఎవరో చెప్పారట. ఆగ్నేయమంటే వంటింటి మూల. అక్కడ ఫ్రిజ్ వెనకాల, నిలువునా గ్రానైట్ అంటించిన గోడ పక్కన దాన్ని బిగించి, తన తెలివికి తానే మురిసిపోయాడు.

మా అవ్వ గది ఇంటికి ఆ చివర. తుంటి ఎముక విరిగాక ఆమెను బత్తలపల్లి నుంచి తెచ్చి అక్క తన దగ్గరే పెట్టుకుంది. అవ్వ కోరింది ఒక్కటే. వాళ్ళ ఊరి చర్చి ఆరాధన ఆదివారం ఆన్‌లైన్‌లో లైవ్ వస్తుంది. అందులో ఆమె చెల్లెలు పాడుతుంది. ఆ ముఖం చూడాలి. ఫోన్ తెర ఆమె కళ్ళకు ఆనదు. అందుకని నేను పెనుకొండ నుంచి లైనక్స్‌తో నడిచే, టీవీలో ఇంటర్నెట్ చూపించే చిన్న పెట్టె ఒకటి తెచ్చి, ఆమె గదిలో టీవీకి తగిలించాను.

రిమోట్‌తో ఒక్కో అక్షరం నొక్కి వైఫై పాస్‌వర్డ్ కొట్టాను. కలిసింది గానీ ఫ్రిజ్‌నూ గ్రానైట్ గోడనూ దాటి వచ్చేసరికి సిగ్నల్ ఒక్క గీతే. ఏది పెట్టినా నిమిషానికోసారి ఆగిపోతోంది. వైరు లాగుదామన్నాను. ఈ కాలంలో వైరేమిటని బావ నవ్వాడు. తెలియకపోవడం తప్పు కాదు, తెలియక నవ్వేవాణ్ణి చూస్తేనే నాకు ఒళ్ళు మండుతుంది. వంటింటి నుంచి గోడ వారగా వైరు లాగి, పెట్టె సెట్టింగుల్లో వైఫై ఆపేసి, వైరు కనెక్షన్ ఆన్ చేశాను. ఆ ఆదివారం అవ్వ పాట మొత్తం చూసింది. చెల్లెలు చిక్కిపోయిందని కూడా కనిపెట్టి, వారమంతా దిగులుపడింది.

మరుసటి ఆదివారం ఇల్లు చూడటానికి బావ స్నేహితులు వచ్చారు. కొత్తింట్లో వైరు కనబడితే పరువు పోతుందని, నేను వచ్చేలోపే దాన్ని చుట్టి అటక మీద పారేశాడు. పెట్టెను మళ్ళీ వైఫైకి మార్చాడు. ఆ మాత్రానికే ఇంజనీరైపోయినట్టు మొహం పెట్టి, చర్చి ఎగ్గొట్టి, వచ్చినవాళ్ళందరి ఫోన్లకూ అదే వైఫై ఇచ్చాడు.

నేను అవ్వ గదిలోకి వెళ్ళేసరికి పాట నడుస్తోంది. చెల్లెలు రాగం తీయడానికి నోరు తెరిచింది. తెరిచిన నోరు అట్లాగే నిలిచిపోయింది. అవ్వ మంచం మీద నుంచి లేవబోయింది.

"మా చెల్లెలికి ఏమైపాయ పాపా? ఊపిరాడక నోరు తెరిచిండాదా?"

ఆమెకేమీ కాలేదని, తప్పు మన ఇంట్లోదేనని చెప్పి, అటకెక్కి వైరు దింపాను. ఈసారి గోడ వారగా కాదు, హాలు నడిమధ్య నుంచి, టిఫిన్ తింటున్న పెద్దమనుషుల కాళ్ళ మధ్య నుంచే లాగాను. తగిలించి, పెట్టెను మళ్ళీ వైరుకి మార్చాక తెర కదిలింది. అప్పటికి పాట అయిపోయింది. చెల్లెలు తన చోటికి వెళ్ళి కూర్చుంటోంది.

వైరు అందరికీ కనబడుతోందని బావ నా వెనకాలే వచ్చి గొణిగాడు. అవ్వ టీవీ మీద నుంచి చూపు తిప్పలేదు.

"అగపడనీ నాయనా. నాకు అగపడాల్సింది మా చెల్లెలు."