పచ్చలైటు వెలిగినా ఆగమన్న అత్తయ్య

అత్తయ్య పోయిందని బావ ఫోన్ చేసేసరికి, ఆవిడ రాసిన ప్రోగ్రామునే నేను కొత్త కంప్యూటర్లో కంపైల్ చేస్తున్నాను. ఆగిరిపల్లిలో పొద్దున్నే కాఫీ కలుపుతూ కుప్పకూలిపోయిందట. అబద్ధమెందుకు, నాకు ఏడుపు కన్నా ముందు భయం వచ్చింది. ఇక నేను తప్పు చేస్తే పట్టుకునేదెవరు?

మా మేనత్త పాలిటెక్నిక్‌లో కంప్యూటర్ పాఠాలు చెప్పి రిటైరైంది. బావ మామిడికాయలు మగ్గబెట్టే గది కట్టినప్పుడు, "ఖాళీగా కూర్చుని సీరియల్స్ చూడమంటావట్రా?" అని తనే దిగింది. మగ్గే కాయలు వదిలే కార్బన్ డయాక్సైడ్ మూసిన గదిలో పేరుకుపోతుంది. చూసుకోకుండా వెళ్తే మనిషి పడిపోతాడు, ప్రాణమే పోవచ్చు. అందుకని ఆ గాలిని కొలిచే సెన్సర్‌ను చదివే భాగం అత్తయ్య సి భాషలో రాసి కంపైల్ చేసింది. దాన్ని పిలిచి, గాలి బాగుంటే తలుపు మీద పచ్చలైటు వెలిగించే స్క్రిప్టు పైథాన్‌లో ఉంటుంది. రెండింటి మధ్య అతుకు కూడా ఆవిడదే.

మొదటి సీజన్లో, ఆ అతుకు మార్చి రాసిన మర్నాడు మధ్యాహ్నం పచ్చలైటు వెలిగింది. క్రేట్లు మోసే సాంబయ్య గడియ మీద చెయ్యేశాడు. స్క్రీన్ చూస్తున్న అత్తయ్య ఒక్క కేక పెట్టింది.

"ఆగు సాంబయ్యా! అంకె కదలట్లేదు."

"లైటు పచ్చగానే ఉందిగా అమ్మగారూ?"

"లైటుకేం తెలుసయ్యా! ముందు నువ్వు పక్కకి రా."

గాలి చూసే చేతి మీటరును కర్రకు కట్టి తలుపు సందులోంచి లోపలికి పెట్టింది. అది కీచుమని మోగింది. సాంబయ్య తలుపుకేసి చూస్తూ రెండడుగులు వెనక్కి వేశాడు.

సి ఫంక్షన్ దశాంశ సంఖ్య ఇస్తుందని పైథాన్‌కు విడిగా ఒక లైన్లో చెప్పాలి. ఆ లైను అత్తయ్యే మర్చిపోయింది. చెప్పకపోతే పైథాన్ పూర్ణాంకం వస్తుందనుకుని, అక్కడ మిగిలిపోయిన ఏదో చెత్త అంకెను పట్టుకుంటుంది. ఎర్రర్ రాదు, ప్రోగ్రాం ఆగదు. ఆ అంకె చిన్నది కావడంతో గాలి శుభ్రంగా ఉందని లైటు వెలిగింది.

ఆ రోజు ఆవిడ అన్నం ముట్టలేదు. "పైథాన్ తప్పు చేస్తే కనీసం గోలపెడుతుంది. ఈ అతుకు నోరు మూసుకుని మనిషిని చంపేసేదే" అంది. తర్వాత నాకు పని నేర్పినన్నాళ్ళూ ఒకటే పాట. "భయపడ్డం తప్పు కాదే పిచ్చిదానా. ఎర్రర్ రాలేదు కదాని ధైర్యం తెచ్చుకోవడం తప్పు." ప్రోగ్రాం మార్చిన ప్రతిసారీ సెన్సర్ గొట్టం ఊడదీసి, బుగ్గలు పూరించి అందులోకి ఊదేది. మన ఊపిరికి అంకె పెరిగితేనే నమ్మేది. నేను నవ్వితే, "నవ్వవే, పళ్ళు బాగున్నాయి" అనేది. అంత జాగ్రత్త నాకు నేర్పినందుకు నేను ఒక్కసారైనా ఆవిడ చేతులు పట్టుకుని థాంక్స్ చెప్పలేదు.

బావ కర్మల్లో ఉన్నాడు. కాయలు మాత్రం మనకోసం ఆగవు కదా. నిన్న గది నేనే తెరవాల్సి వచ్చింది, నేను కంపైల్ చేసిన కోడ్‌తో. గొట్టంలోకి ఊదితే అంకె పెరిగింది. లోపలి గాలిని బయటికి తోసే ఫ్యాన్లు తిరిగాక తలుపు సందులో మీటరు పెడితే మోగలేదు. పచ్చలైటు వెలిగింది. అయినా ఇంకోసారి అంకె చూశాను. ఇన్నేళ్ళూ "వెళ్ళు" అన్నది ఆవిడే.

"వెళ్ళమంటారా అమ్మా?" అన్నాడు సాంబయ్య.

"ఉండండి, ముందు నేను వెళ్తాను."

తలుపులు బార్లా తెరిచి లోపలికి నడిచాను. ఏమీ కాలేదు. సాంబయ్య వెనకాలే వచ్చి, "పెద్దమ్మగారుంటే ఈపాటికి నాలుగు తిట్లు పడేవండీ" అంటూ పని మొదలుపెట్టాడు. నేను గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాను. చివరి క్రేటు బయటికొచ్చేదాకా, చెమటకు తడిసిన చొక్కా కింద అతని వీపు లేస్తూ పడుతూ ఉండడమే చూస్తున్నాను.