ఎండిన పుట్టి

నా చిన్నప్పుడు మా వీధిలో నేను మనసారా అసహ్యించుకున్న మనిషి ఒక్కడే, ఎదురింటి ముసలి సాయిబు. వయసులో ఉండగా మద్రాసు నుంచి రంగూనుకు పోయే తెరచాప ఓడల్లో పనిచేసి వచ్చాడట. పలకరిస్తే కసురుకునేవాడు. మా గోడ వీధిలోకి జరిగిందన్న తగాదా వల్ల మా తాతయ్యకూ ఆయనకూ మాటలు లేవు, చూపులతోనే కొట్టుకునేవాళ్ళు.

పెన్న పొంగిన ఓ రోజు మా తమ్ముడికి గొంతు వాచి ఊపిరి అందలేదు. ఆస్పత్రి అవతలి గట్టున, జమ్మలమడుగులో ఉంది. తాతయ్య వాణ్ణి భుజాన వేసుకుని ఏటికి పరిగెత్తాడు. వెనకే నేను, పదేళ్ళ ఆడపిల్లను.

రేవులో వెదురు బుట్టకు తోలు కట్టిన పుట్టులు రెండున్నాయి. పుట్టివాళ్ళిద్దరూ నాదెక్కమంటే నాదెక్కమన్నారు. ఒకటి వేసవంతా కొట్టంలో బోర్లించి ఉంచినది, గట్టు మీద పొడిగా, శుభ్రంగా ఉంది. రెండోది నీళ్ళలోనే నాని, నల్లబడి, కంపు కొడుతోంది. మెట్ట సేద్యగాళ్ళం మేము. వేరుశనగైనా, జొన్నలైనా తడి తగిలితే పాడైనట్టే లెక్క. తాతయ్య ఆలోచించకుండా పొడిదాని వైపు నడిచాడు.

ఏరు చూడ్డానికి వచ్చిన జనంలోంచి సాయిబు ఊడిపడి, ఆ పుట్టిని కాలితో తన్నాడు.

"ఏందప్పా, మనవణ్ణి సంపుకోవల్లనుకుంటాండావా? కండ్లు యాడ పెట్టుకున్యావు?"

అంతమందిలో ఆ మాట! తాతయ్య చెయ్యెత్తాడు. సాయిబు లెక్కచేయక కడవెడు నీళ్ళు తెచ్చి ఆ పుట్టిలో కుమ్మరించాడు. అడుగంతా జల్లెడలా కారింది.

"తోలు ఎండితే కుట్లు విచ్చుకుంటాయి. నడిసముద్రానికి పొయ్యే ఓడనైనా నీళ్లలో నానేదాన్నే ఎంచుకోవల్ల. శనక్కాయలు ఎంచినట్ల ఎంచుతాండాడు, మొద్దు మనిషి!"

తాతయ్య మొహం కందిపోయింది. నన్నూ లాక్కుని కంపు కొట్టే పుట్టే ఎక్కాడు. నడి ఏట్లో సుడి గిర్రున తిప్పినా అడుగు నుంచి చుక్క నీరు రాలేదు. తమ్ముడు బతికాడు.

వారం తర్వాత తాతయ్య పౌరుషం చంపుకుని ఎదురింటికి వెళ్ళాడు. సాయిబు తలుపైనా తీయకుండా "గోడ జరిపినాంక రా, పో" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆయన పోయిన రోజున కూడా నేను ఏడవలేదు.

ఆ మనిషి మీద కోపం ఇప్పటికీ చల్లారలేదు. కానీ ఎవరైనా నలుగురిలో నన్ను తిడితే, తిరిగి నోరు పారేసుకునే ముందు, అందులో నిజమేమైనా ఉందా అని వెతుక్కుంటాను. ఉంటే, పళ్ళు కొరుక్కుంటూనే వింటాను.