ఫస్ట్ షో అంటే సాయంత్రం

సినిమాల గురించి నా అభిప్రాయం ఎవరూ అడగరు. అయినా చెప్తాను. శుక్రవారం సినిమా చూడటం, సోమవారం ఆఫీసు క్యాంటీన్‌లో తీర్పు చెప్పడం నాకు ముప్ఫై ఏళ్లుగా ఉన్న అలవాటు. హీరో చెల్లెలు మొదటి పాటలో మరీ ఎక్కువగా నవ్విందంటే ఆ పిల్ల ఇంటర్వెల్ దాటదు. విలన్ ఇంట్లో పెద్ద చేపల తొట్టి కనబడిందంటే క్లైమాక్స్‌లో అది పగిలి తీరాల్సిందే. మొదటి పది నిమిషాల్లో కథేమిటో నాకు తెలియలేదంటే దర్శకుడికీ తెలియదని లెక్క. ఈ సూత్రాలు ఎక్కడా చదివినవి కావు, సొంత ఖర్చుతో నేర్చుకున్నవి.

పొరపాట్లు జరగలేదని కాదు. ఒకసారి మూడో స్క్రీన్‌కి వెళ్లబోయి నాలుగో దాంట్లో కూర్చున్నాను. నేను చూడాల్సింది కామెడీ. ముప్పావు గంటసేపు ఒక్క నవ్వూ లేదేమిటని దర్శకుణ్ణి తిట్టుకుంటూనే కళ్లు తుడుచుకున్నాను. ఇంకోసారి చీకట్లో పక్కసీటు ఆవిడ పాప్‌కార్న్‌లో చెయ్యి పెట్టి, అది మా ఆవిడదే అనుకుని, ఉప్పు తక్కువైందని విసుక్కున్నాను కూడా. మా ఆవిడ అవతలి పక్కన ఉంది. వీటివల్ల నా ధీమా ఏమీ తగ్గలేదు. తప్పు స్క్రీన్‌లో చూసిన సగం సినిమా మీద కూడా సోమవారం తీర్పు చెప్పేశాను.

మా అక్కది దీనికి పూర్తిగా వ్యతిరేకమైన జీవితం. నాకంటే ఎనిమిదేళ్లు పెద్దది, పెళ్లి చేసుకోలేదు, మారేడ్‌పల్లిలో ఉంటుంది. ఓ మిషన్ స్కూల్లో తెలుగు టీచరుగా చేసి రిటైరైంది. మా నాన్న రైల్వేలో గుమాస్తా. గోదావరి జిల్లా నుంచి బదిలీ మీద వచ్చి చిలకలగూడలో స్థిరపడ్డాడు. ఆదివారం చర్చిలో ఆయన ప్రసంగం ఉందంటే సినిమా హాలును తిట్టకుండా వేదిక దిగేవాడు కాదు. అక్క బాప్తిస్మం తీసుకున్న రోజున, సినిమా హాలు గుమ్మం తొక్కనని ఆయనకు మాటిచ్చింది. నా వంతు వచ్చినప్పుడు నేనూ ఇచ్చాను. నా మాట ఏడాది నిలిచింది. అక్కది నలభై అయిదేళ్లు దాటినా చెక్కుచెదరలేదు.

అందుకే మొన్న వానాకాలంలో ఓ రోజు ఫోన్ చేసి, "ఒరేయ్, నన్ను సినిమాకి తీసుకెళ్తావా?" అని అడిగినప్పుడు నేను కంగారుపడ్డాను.

"ఒంట్లో బాగానే ఉందా అక్కా?" అన్నాను.

"ఒంటికేం, రాయిలా ఉంది. చెప్పేది విను."

ఆమె చెప్పింది ఇదీ. ఆమె దగ్గర చదువుకున్నవాడొకడు, ఇప్పుడు ముప్ఫై అయిదేళ్లుంటాయి, కార్ఖానా ఏరియాలో ఫ్లెక్సీలు ప్రింట్ చేసే షాపు నడుపుతున్నాడు. ఏడో తరగతిలో ఉండగా క్రిస్మస్ నాటకంలో వాడికి గొర్రెల కాపరి వేషం ఇచ్చింది. రిహార్సల్లో దేవదూత కనబడగానే వాడు భయపడాల్సింది పోయి ఏడవడం మొదలుపెట్టాడట. పిల్లలంతా నవ్వారు. అక్కకు కోపం వచ్చి, "నీకు నటన రాదు, వెళ్లి తెర లాగు" అని అందరి ముందూ అనేసింది. వాడు నాటకం అయ్యేదాకా తెర లాగాడు. ఆ మాట అక్క ఎప్పుడో మర్చిపోయింది. వాడు మర్చిపోలేదు. ఇన్నేళ్లకు ఓ చిన్న సినిమాలో ఓ చిన్న వేషం దొరికితే, ఎక్కడో ఆమె నంబరు సంపాదించి ఫోన్ చేశాడు. "టీచర్, ఒక్కసారి హాల్ల చూడుండ్రి. చూసి, నాకు వచ్చో రాదో చెప్పుండ్రి. మీరేం చెప్పినా మంచిదే" అన్నాడట.

"చిన్నపిల్లాడితో అలా అనొచ్చా రా నేను?" అంది అక్క. "రాత్రంతా నిద్రపట్టలేదు. నాన్నకిచ్చిన మాట సంగతి దేవుడితో నేను మాట్లాడుకున్నాను. వాణ్ణి చూడాలి, చూసి నిజం చెప్పాలి. ఆసుపత్రి సీన్‌లో ఉంటాడట."

సినిమా పేరు చెప్పగానే నేను ఆగలేకపోయాను. మొదటి రోజే చూశానది. "ఆ ఆసుపత్రి సీనా? అనవసరం అక్కా. తీసేసినా నష్టం లేదు" అన్నాను.

"నేను చూసి చెప్తాలే" అంది.

ఆ సినిమా అప్పటికే ఒక్క హాల్లో మిగిలింది, అదీ గురువారం దాకా. ఇలాంటి వాటిని ఓటీటీ వాళ్లు కూడా కొనరు. గురువారం పోతే ఇక పోయినట్టే. బుధవారం పొద్దున ఆఫీసుకు తయారవుతున్న మా అమ్మాయికి చెప్పాను, రేపటికి రెండు టికెట్లు బుక్ చెయ్యమని.

"ఏ షో నాన్నా?"

"ఫస్ట్ షో."

"అత్తకి ఫస్ట్ షో ఓకేనా?"

"ఎందుక్కాదు? తీరిగ్గా తయారై వస్తుంది."

నిమిషంలో టికెట్లు నా ఫోన్‌లోకి వచ్చాయి. సినిమా పేరు చూశాను, సీట్లు మధ్యలో ఉన్నాయా లేదా చూశాను. టైం చూడలేదు. ఫస్ట్ షోకి టైం చూసుకునే అవసరం ఏముంది? సూర్యుడు తూర్పున ఉదయించినట్టే, ఫస్ట్ షో ఆరున్నరకి.

గురువారం సాయంత్రం అక్క గంజిపెట్టిన కాటన్ చీర కట్టుకుని, హ్యాండ్‌బ్యాగులో బైబిల్ పెట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. ఆటో ఎక్కేముందు కళ్లు మూసుకుని ప్రార్థన చేసింది. ఆటో అతను ఇంజన్ ఆపి మరీ ఆగాడు. దారి పొడుగునా ఆమె అడిగిన ప్రశ్నలకు నాకు ముచ్చటేసింది. చెప్పులు బయట విడవాలా, మధ్యలో లేస్తే ఎవరైనా ఏమైనా అంటారా, ఏడుపొస్తే పక్కవాళ్లకి కనబడుతుందా. అన్నింటికీ నేను పెద్దమనిషి తరహాలో జవాబులు చెప్పాను.

గేటు దగ్గర యూనిఫాం వేసుకున్న కుర్రాడు నా ఫోన్ మీద మెషిన్ పెట్టాడు. ఎర్రలైటు వెలిగింది. మళ్లీ పెట్టాడు.

"అంకుల్, ఇది పొద్దుగాల షోది."

"కాదు బాబూ, ఫస్ట్ షో."

"అవ్ అంకుల్, ఫస్ట్ షోనే. తొమ్మిది నలభైకి షురూ అయింది. ఎప్పుడో అయిపోయింది."

"తొమ్మిది నలభైది మార్నింగ్ షో" అన్నాను, గొంతు పెంచి. "మార్నింగ్ షో, మ్యాట్నీ, ఫస్ట్ షో, సెకండ్ షో. ఫస్ట్ షో అంటే సాయంత్రం. ఈ ఊళ్లో ఎవర్నడిగినా చెప్తారు."

అతను జాలిగా చూశాడు. "మా డాడీ సుత గట్లనే అంటడు అంకుల్. ఇప్పుడు ఫస్ట్ షో అంటే దినంల మొదటిది. గా సినిమాకు ఇయ్యాల గదొక్కటే షో ఉండె. సాయంత్రం నుంచి కొత్త పిక్చర్."

నిజంగానే హాలు ముందు కొత్త సినిమా ఫ్లెక్సీలు కడుతున్నారు. మా అమ్మాయిది ఏ తప్పూ లేదు. నాలుగో షోను కూడా సెకండ్ షో అని పిలిచే మా తరానికి, ఒకటి తర్వాత రెండు అని లెక్కపెట్టే వాళ్ల తరానికి మధ్య అక్క చిక్కుకుపోయింది. నలభై అయిదేళ్ల మాటను పక్కన పెట్టి గుమ్మం దాకా వచ్చిన మనిషిని నా ధీమా ఆ గుమ్మం బయటే నిలబెట్టింది. నాకు చాలా సిగ్గేసింది.

పార్కింగ్ పక్కన ఓ సిమెంటు బెంచీ ఉంది. అక్క వెళ్లి దానిమీద కూర్చుంది. బ్యాగు ఒళ్లో పెట్టుకుంది. నన్ను తిట్టినా బాగుండేది.

"చూశానని చెప్పెయ్ అక్కా" అన్నాను. "చాలా బాగా చేశావని చెప్పు. అందరూ అంతేగా చెప్పేది."

"అబద్ధం చెప్పమంటావా? ఒకసారి సరిగ్గా చూడకుండా అన్నందుకే ఇదంతా." తర్వాత నావైపు తిరిగింది. "నువ్వు చూశావుగా. వాడేం చేశాడో చెప్పు. నువ్వు చూసింది విన్నానని వాడికి చెప్తాను. అది నిజమే అవుతుంది."

నేను గొంతు సవరించుకున్నాను. "ఆసుపత్రి అన్నమాట. కౌంటర్ దగ్గరికి వస్తాడు. కాస్త ఓవరాక్షన్..."

"ఏం బట్టలు?"

"మామూలు బట్టలే."

"చేతిలో ఏముంది?"

"ఏమీ లేదు. ఉత్తచేతులు."

"క్యారేజీ పట్టుకుని వస్తానని వాడు చెప్పాడే" అంది అక్క.

ముప్ఫై ఏళ్లు పిల్లల చేత నిజాలు చెప్పించిన మనిషి ముందు నేనెంత? ఇంటర్వెల్‌కి అయిదు నిమిషాల ముందే లేచి వెళ్తాను, సమోసాల దగ్గర లైన్ ఉండదని. వెనక్కి వచ్చేసరికి తెరమీద ఆసుపత్రి గోడ, దానిమీద ఇంటర్వెల్ అనే అక్షరాలు కనబడ్డాయి. ఆ గోడను చూసి తీర్పు చెప్పాను. అదే చెప్పాను అక్కతో.

"మిగతా సినిమాలు కూడా ఇలాగే చూస్తావా రా?" అంది. ఎగతాళి కాదు, నిజంగానే అడిగింది.

ఆమె ఫోన్ తీసి వాడికి చేసింది. వచ్చానని, గేటు దగ్గరే ఆగిపోయానని, తప్పు మాదేనని, తమ్ముడు మాత్రం మొదటి రోజే సినిమా చూశాడని చెప్పింది. పావుగంటలో వాడు స్కూటర్ మీద వచ్చేశాడు. చొక్కా చేతులకు ఫ్లెక్సీ రంగులున్నాయి. నమస్తే పెట్టి, పైన కడుతున్న ఫ్లెక్సీలు చూపించి, "గవి నా షాపుల ప్రింటయినయే టీచర్. నా పిక్చర్‌ను నేనే ఎళ్లగొట్టుకున్న" అని నవ్వాడు. తర్వాత నావైపు తిరిగాడు. "సార్ ఫస్ట్ డేనే చూసిన్రంట గదా?"

అక్క నాకేసి చూసింది. "సినిమా చూశాను బాబూ. నీ సీన్ చూళ్లేదు. సమోసాల దగ్గరున్నాను" అన్నాను.

"పర్వాలేదు సార్. మా అమ్మ సుత గప్పుడే బాత్‌రూంకి పోయింది" అన్నాడు. మళ్లీ నవ్వాడు గానీ ఈసారి నవ్వు నిండుగా లేదు.

అక్క బెంచీ మీద సర్దుకుని కూర్చుంది. "ఇక్కడ చెయ్యి. చూస్తాను."

"గీడనా టీచర్?"

"ఇక్కడే. ఎవరేమనుకుంటే ఏం?"

వాడు చుట్టూ చూశాడు. స్కూటర్ మీదున్న హెల్మెట్ తీసి, క్యారేజీ పట్టుకున్నట్టు పట్టీతో వేలాడదీశాడు. "సార్, మీరు కౌంటర్ల ఉన్నట్టు. నేనొచ్చి అడుగుత. 'ఆ పేషెంటు పొద్దున్నే పోయిండు' అనుండ్రి. గంతే. అటెన్క నేనేమన్నా మీరు మాట్లాడొద్దు."

వాడు నాలుగు బళ్ల అవతలి నుంచి నడిచి వచ్చాడు. అదేం నడకో, ఉన్నట్టుండి వాడి వయసు పదేళ్లు పెరిగింది.

"సార్, పదకొండో నంబర్ మంచం. మా అన్న."

"ఆ పేషెంటు పొద్దున్నే పోయిండు" అన్నాను. ముప్ఫై ఏళ్లు ఆఫీసు కౌంటర్ వెనక కూర్చున్నవాణ్ణి, ఆ గొంతు నాకు తేలిగ్గానే వచ్చింది.

వాడి ముఖం వెలిగిపోయింది. "ఇంటికి పంపిచ్చిన్రా సార్? నిన్న జెర నయమే ఉండె. మరి నేను ఇంటికాడికెల్లే వస్తున్న గదా. తొవ్వల ఏడనో తప్పిపోయినట్టున్నం."

నేను మాట్లాడకూడదు. ఊరికే చూడాలి. వాడూ నన్ను చూశాడు. నవ్వు పెదాల మీద అలాగే ఉండగా కళ్లలోంచి ముందు పోయింది. పోయిండు అంటే ఏమిటో వాడికి అర్థమవుతుండటం నేను చూశాను. ఏడవలేదు. చేతిలో హెల్మెట్ వంక చూసుకుని, లేని మూతను ఒకసారి గట్టిగా నొక్కి, ఒలికిపోకుండా నిటారుగా పట్టుకున్నాడు.

"మరి గీ బువ్వ ఎవరికియ్యాలె సార్?"

మాట్లాడొద్దని వాడు చెప్పకపోయినా మాట్లాడలేకపోయేవాణ్ణి. తమ బండి తీసుకుందామని వచ్చిన ఇద్దరు తాళాలు చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయారు.

అక్క లేచి వాడి దగ్గరికి వెళ్లింది. "ఆ రోజు నీకు నటన రాదని అందరి ముందూ అన్నాను. తప్పు చెప్పాను రా. నీకు వచ్చు" అంది. చుట్టూ ఉన్నవాళ్లకి వినబడేటట్టే అంది.

వాడు హెల్మెట్ స్కూటర్ మీద పెట్టి, మోచేత్తో కళ్లు తుడుచుకున్నాడు. తర్వాత, అక్క మాట ఒక్కటే చాలనట్టు, నావైపు తిరిగి, "మరి మీకెట్లనిపిచ్చింది సార్?" అని అడిగాడు.

నా అభిప్రాయం ఒకరు అడగడం అదే మొదటిసారి. ఏళ్ల తరబడి క్యాంటీన్‌లో వాడిన వాక్యాల్లో ఒక్కటీ నోటికి రాలేదు.

"ఇంకోసారి చెయ్యి బాబూ" అన్నాను. "చూస్తాను."