బల్లకు దూరంగా మూడు నెలలు

యుద్ధం సాగుతున్న ఆ ఏళ్లలో, చింతామణిలోని మా చిన్న క్రైస్తవ సంఘానికి హాజరు పుస్తకం నేనే రాసేవాణ్ణి. చదువు మూడో తరగతితో ఆగినా, చింతపండు మండీలో తూకాలు చూస్తూ లెక్కలు సొంతంగా నేర్చుకున్నాను.

తాగి పట్టుబడినవాణ్ణి మూడు నెలలు, రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్లకు దూరంగా ఉంచడం మా కట్టుబాటు. ఆరాధనలో అతను వెనక, తలుపు దగ్గర కూర్చోవాలి. గడువు మధ్యలో మళ్లీ తాగినా దాన్ని పెంచేవాళ్లం కాదు. లెక్క చిక్కుపడుతుందని ఆ నియమం నేనే పెట్టించాను.

నాలుగేళ్లలో మా బావమరిది ఏడుసార్లు అక్కడ కూర్చున్నాడు. అతనిది రాళ్లు కొట్టే పని. ఏడోసారి అతని భార్య పిల్లలను తీసుకుని బాగేపల్లిలోని పుట్టింటికి వెళ్లిపోయింది. మనిషి మారితే తప్ప తిరిగి రానని కబురు పంపింది.

కొత్తగా వచ్చిన పాస్టరు నా పుస్తకం తిరగేసి, వచ్చే బల్లకు అతన్ని పిలుద్దామన్నారు. గడువు ఇంకా రెండు నెలలుంది. ఊరికే క్షమిస్తే పాపానికి మనమే దారి చూపినట్టవుతుందని నేనన్నాను. ఒక పెద్దాయన నవ్వకుండా అన్నాడు: "అట్లయితే బల్ల సారాయి అంగడి పక్కనే వేస్తాము లేప్పా. తాగి అట్లే వచ్చేస్తారు."

పాస్టరు వాదించలేదు. తలుపు దగ్గరున్న అతన్నే అడిగారు, దూరంగా ఉంచినందువల్ల మేలేమైనా జరిగిందా అని.

అతను నావైపు చూశాడు. "కోపం చేసుకోవద్దు బావా. పట్టుబడినాక మూడు నెలలు ఎట్లాగూ బయటే. ఆ మూడు నెలలు తాగితే ఏమి, తాగకపోతే ఏమి?"

పుస్తకం చూసుకున్నాను. ఆరు గడువులు పూర్తయ్యాయి, ఏడోదానిలో ఒక నెల గడిచింది. మొత్తం పందొమ్మిది నెలలు. శిక్ష అనుకుని మేం ఇచ్చింది సెలవు.

ఆ నెల అతను అందరితో పాటు రొట్టె తీసుకున్నాడు. పద్నాలుగు వారాలు తాగలేదు. భార్యను తీసుకురావడానికి నన్ను తోడు రమ్మన్నాడు. బస్సెక్కబోయే ముందు చెప్పాడు: "మొన్న తాగినా బావా. ఎవరూ చూడలేదు. ఆమెకు చెప్పకుండా పిలవలేను."

దారంతా నాకు అలసటగానే ఉంది. ఆ మాట దాచమని చెప్పాలని ఒకసారి అనిపించింది, చెప్పలేదు. బాగేపల్లిలో అతను వాకిట్లో నిలబడే ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆమె అతన్ని కాదు, నన్ను అడిగింది.

"ఇంకా ఎన్నిసార్లు, అన్నా?"

"లెక్క తెలీదమ్మా," అన్నాను. "ఏడుసార్లూ మేమే పట్టుకుంటిమి. ఈసారి తనే చెప్పినాడు."

ఆమె లోపలికి వెళ్లింది. కాసేపటికి పిల్లల బట్టలు మూటగట్టుకుని వచ్చి, మూట అతని చేతికిచ్చింది. ముఖంలో సంతోషమేమీ లేదు.

ఆ తర్వాత కూడా అతను తాగాడు, రెండుసార్లు. రెండుసార్లూ ఇంట్లో ముందుగా తనే చెప్పాడు. ఆమె మళ్లీ బాగేపల్లికి వెళ్లలేదు.